గృహాలంకరణము – నిరాడంబరత



నేడు నేను మనవి చేయదలచిన విషయము గృహాలంకరణము. ఈ మాట చెవిని బడగానే మీలో పెద్దలైనవారు, ఇది పట్టణవాసులకును, క్రొత్తగా కాపురము పెట్టిన దంపతులకును చెప్పవలసిన మాట గాని, మనుమల నెత్తిన మనకేల యని తలంపవచ్చును. తక్కినవారందరికంటె ఇది మనకే ముఖ్యమని నా యభిప్రాయము. ఏ యింటనైనను వస్తువులను కూడబెట్టినవారు పెద్దలు. వానిని కదలించుటకు అధికారము గలవారును పెద్దలే. పగిలిన జాడీ నొకదానిని బయట పెట్టవలెనన్నను కోడలు అత్తగారి ముఖమువంక చూడవలసియే యున్నది. కావున ఇల్లు అందముగా నుండుటకును, ఉండకపోవుటకును మొదటి పూచీ మనది.

ముందుగా మాటను విచారింతము. అలంకార మను పదమున మొదటి భాగము 'అలమ్' అను సంస్కృతావ్యయము. నిఘంటుకారులు దీనికి నాలుగర్థములు చెప్పియున్నారు: అలంకరించుట, సరిపోవుట, సమర్థమగుట, నివారించుట. తృప్తితో 'చాలును' అనునపుడును, ఒకరిని వారించుచు 'చాలింపుము' అనునపుడును సంస్కృతమున ఈ 'అలమ్' అను మాటయే వాడుదురు. సొమ్ము పెట్టుటకును, ఇక వద్దనుటకును ఒక్కటే మాట యేర్పడుట ఆలోచింపదగిన విషయము. ఏది చేరినపిమ్మట ఇక చాలునని మనస్సునకు తోచునో, అంతవరకే అలంకారము. ఆపైని చేర్చిన ప్రతి వస్తువును బరువు. నేను చెప్పబోవునదంతయు ఈ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

మన కోనసీమ గౌతమీ వసిష్ఠల నడుమ సముద్రపుటొడ్డున నున్నది. వైనతేయ పాయ రాజోలు వైపును అమలాపురపు వైపునుండి వేరుచేయుచున్నది. 2022 ఏప్రిలు 4వ తేదీనుండి ఈ సీమ ప్రత్యేకమైన జిల్లాయైనది. ఇచ్చటి పాత ఇండ్లలో పేరుపొందినది మండువా లోగిలి. అమలాపురమునకు చేరువనున్న పేరూరు అగ్రహారమున ఇట్టి లోగిళ్లు నేటికిని కొన్ని నిలిచియున్నవి. మీలో పలువురు అట్టి యింటనే పుట్టి పెరిగినవారు. కావున దాని నిర్మాణమును నేను మీకు నేర్పనక్కరలేదు. జ్ఞాపకము చేసిన చాలును.

వీధిలో అరుగు. అరుగు దాటిన గడప. గడప దాటిన సావిడి. ఆపైని నలువైపుల నడవలు. వానిపై లోపలికి వాలిన పెంకుటికప్పు. నట్టనడుమ ఆకాశమునకు తెరచియుంచిన చదరపు బయలు. ఆ బయలే మండువా. వాన కురిసినపుడు నాలుగు చూరులనుండి నీరు ఆ గుంటలోనికి దిగి, తూముగుండ వెలుపలికి పోవును. ఎండ కాసినపుడు వెలుతురు అన్ని గదుల గుమ్మములవరకును ప్రాకును. ఇంటి వేడిగాలి ఆ దారినే పైకి పోవును. ఇల్లు కట్టించిన పెద్దమనిషికి స్థలము విలువ తెలియదనుకొందురా? తెలిసియే, ఇంటికంతటికిని నాభివంటి చోటును ఖాళీగా వదలెను. ఆ ఖాళీయే ఇంటికి ఊపిరి.

తక్కిన ఏర్పాటులను చూడుడు. గోడలో గూడు, గూటిలో దీపము. గోడకు చిలుకకొయ్య, దానికి ఉత్తరీయము. దూలమునకు గొలుసులతో ఉయ్యాలబల్ల. అది నేలను ఆక్రమింపదు. భోజనపు వేళ పీటలు వాల్చుదురు. భోజనమైన వెంటనే అవి గోడకు చేరును. రాత్రి చాపలు పరచుదురు. తెల్లవారగానే చుట్టి మూల నిలుపుదురు. ఒక్కటే నడవ ఉదయము పిల్లలకు బడి, మధ్యాహ్నము భోజనశాల, రాత్రి పడకటిల్లు. శిల్పము లేదా యనగా, ఉన్నది. అది స్తంభపు బోదెమీద, ద్వారబంధముమీద, దూలపు కొసమీద ఉన్నది. ఇంటిని మోయు కొయ్యనే వడ్రంగి చెక్కి అందగించెను. అందమునకై వేరొక వస్తువును తెచ్చి నిలుపలేదు.

ఇక నిత్యనైమిత్తికముల అలంకారమును విచారింతము. వాకిట కళ్లాపి చల్లి బియ్యపుపిండితో ముగ్గు పెట్టుదురు. సాయంకాలమునకు అది కాళ్లక్రింద చెదరిపోవును; కొంత చీమలు తినును. మరునాడు మరల క్రొత్త ముగ్గు. మామిడాకుల తోరణము పండుగకు కట్టుదురు. ఎండినపిమ్మట విప్పి పాదున వేయుదురు. గడపకు పసుపు కుంకుమలు వారము వారము కడిగి మరల పెట్టుదురు. సంక్రాంతికి బొమ్మలకొలువు. కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్కబొమ్మలు పెట్టెలోనుండి దిగి, కొలువు ముగియగానే మరల పెట్టెలోనికి పోవును. ఏడాది పొడవునను కొలువు తీరియున్న బొమ్మను పిల్లవాడు కన్నెత్తియైనను చూడడు. ఏడాదికొకమారు వచ్చు బొమ్మకై నెలనుండి ఎదురుచూచును.

ఇండ్లలోనే కాదు, ఊరుమ్మడి పండుగలలోను ఇదే పద్ధతి. కనుమనాడు అంబాజీపేట చెంత జగ్గన్నతోటలో జరుగు ప్రభల తీర్థము మీరందరు ఎరిగినదే. ఏకాదశ రుద్రులు అచ్చట కూడుదురు. వెదురు గడలతో కట్టి, రంగురంగుల వస్త్రములు చుట్టి, పూలదండలు వ్రేలాడగట్టిన ప్రభలను భుజములమీద మోసికొని, వరిచేల నడుమనుండి, కౌశికను దాటించి తీసికొనివత్తురు. ఆ కొబ్బరితోటలో గుడి లేదు. ఒక్కనాడు అది కైలాసమగును. మరునాడు మరల తోటయే. ప్రభలు విప్పివేయబడును. విప్పివేయుదురు గనుకనే మరుసటి యేడు వానిని కట్టు ఉత్సాహము ఊరికి మిగులుచున్నది.

ఈ దృష్టాంతములన్నిటినుండి తేలుచున్న సూత్రమొకటి యున్నది. మన ఇంట శాశ్వతముగా నుండదగిన అలంకారములు రెండే: శుభ్రత, ఖాళీ. తక్కిన యలంకారమంతయు వచ్చి పోవునదియే. అతిథివలె రావలెను, అతిథివలె పోవలెను. అతిథి అను మాటకు ఒక తిథి నిలువనివాడని పెద్దలు అర్థము చెప్పుదురుగదా! రానిచ్చి పోనీయని యిల్లు సత్రమువలె క్రిక్కిరిసిపోవును.

పాతదంతయు బంగారమని చెప్పుటకు నేను రాలేదు. ఆ లోగిళ్లలోను లోపలి గదులు చీకటిగా నుండెడివి. సావిడిలో తీర్చినట్లు కనబడిన ఇంటి అటకమీద మూడు తరముల విరిగిన సామాను పడియుండెడిది. వాకిలి అద్దమువలె మెరయుటకు వెనుక, తెల్లవారుజామున లేచి వంగి చిమ్మిన ఆడువారి నడుములును, పాలేళ్ల చేతులును ఉండెడివి. ఆ శ్రమను లెక్కలోనికి తీసికొనకుండ పాతకాలపు శుభ్రతను పొగడుట న్యాయము కాదు. అట్లే, తాటాకు గుడిసెలో ఒక దండెము, ఒక ఉట్టి, రెండు కుండలతో కాలక్షేపము చేయు కూలివాని ఇంటిని చూపి, నిరాడంబరమన్న ఇదియే యని ఉపదేశించుటయు తగదు. లేమి వేరు, మితము వేరు. ఉన్నవాడు తనంతట తాను 'చాలు'నన్నప్పుడే అది గుణమగును.

నేడు మన యిండ్ల స్థితి యెట్లున్నది? పెంకుటిండ్లు పోయి డాబాలు వచ్చినవి. మండువా పోయినది, దాని చోట వాలుకుర్చీలును, గాజు బల్లయు వచ్చినవి. గోడ పొడవునను అద్దాల బీరువా. దానిలో పెండ్లిండ్లలో చేతబెట్టిన గిన్నెలు, పేరంటములలో ఇచ్చిన డబ్బాలు, అబ్బాయి విదేశమునుండి తెచ్చిన బొమ్మలు, మనుమరాలి బహుమానపు పాత్రలు, ఎవరిచ్చినవో జ్ఞాపకములేని దేవతామూర్తులు. గోడకు నాలుగు దుకాణముల నాలుగు కాలెండర్లు. వానిలో రెండు గడచిన సంవత్సరములవి. గుమ్మమునకు వాడని ప్లాస్టికు తోరణము. వాడదు గనుక దానిని ఎవరును విప్పరు. విప్పరు గనుక దుమ్ము పట్టి, అసలు రంగేదో తెలియకుండ, పండుగకును పబ్బమునకును ఒక్కతీరుగానే వ్రేలాడుచుండును. సామాను నిండిన గదిలో ఒక్క వస్తువును కంటికి ఆనదు. అన్నియు ఒక్కసారి మాటలాడు సభలో ఎవరి మాటయు వినబడనట్లే యిది.

అందము మాట అటుంచుడు. మన సీమకు సహజమైన కారణములచేత సామాను పేరుకొనుట ఇచ్చట ప్రమాదమునకు కూడ హేతువు. మనది చిత్తడినేల. సముద్రపు ఉప్పుగాలి ఇనుమును తినును. చెమ్మ కాగితమును తినును. చెదలు కొయ్యను తినును. కదలింపని పెట్టెక్రింద ఏమి జరుగుచున్నదో యజమానికి తెలియదు. కొబ్బరిడొక్కలును, విరిగిన బల్లలును, పాత పెంకులును పోగుపడిన పెరటి మూల ఎలుకకు నివాసము. ఎలుకను వెదకుకొనుచు కట్లపాము వచ్చును. రాత్రి నేలను పడుకొన్నవారిని కట్లపాము కరచుట మన గ్రామములకు క్రొత్త వార్త కాదు. ఇక డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమ మురుగుకాలువలో గాక నిలువయున్న మంచినీటిలో పెరుగును; పగటివేళ కరచును. పెరటిలో పారవేసిన కొబ్బరిచిప్ప, ప్లాస్టికు డబ్బా, పాత చక్రపు టైరు, వీనిలో వాననీరు వారము దినములు నిలిచిన చాలును, ఆ పురుగునకు పురిటిల్లు సిద్ధమైనట్లే. ఇంటిలోని అద్దాల బీరువాను తీర్చి, పెరటి నట్లే విడుచుట ముఖము కడిగి కాళ్లు కడుగకుండుటవంటిది.

అన్నిటికంటె పెద్ద పరీక్ష వరద, తుపాను. ధవళేశ్వరమువద్ద ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి గోదావరి మనకు అన్నము పెట్టుచున్నది; అప్పుడప్పుడు ఇంటిలోనికిని వచ్చుచున్నది. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద 35 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినపుడు లంక గ్రామములవారు ఏమి తీసికొని గట్టెక్కిరో మీరెరుగుదురు. పిల్లలను, పశువులను, కాగితముల సంచిని. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి పెనుగాలి మన సీమమీద విరుచుకొనిపడినపుడు వేయిమందికి పైగా మరణించిరి. లక్షల కొబ్బరిచెట్లు కూలినవి. ఆ రాత్రి ఎవరును బీరువాలోని బొమ్మలను తలపలేదు. అట్టి దినమున మనము దేనిని చేత పట్టుకొందుమో అది మన ఆస్తి. తక్కినదానిలో నిత్యము వాడుకొనునది ఉపకరణము, కంటికింపైనది అలంకారము. ఈ మూడింటిలో దేనికిని చెందనిది ఏదియో ఇల్లిల్లును వెదకి చూచుకొనవలసియున్నది. వరద దిగిన పిమ్మట బురదనుండి ఒక్కొక్క వస్తువును తీసి కడిగినవారికి ఈ లెక్క నోటికి వచ్చును.

ఇంకొక విషయము. వస్తువు కొన్నవానికి ఒక్కనాటి ఖర్చు. తుడుచువారికి ప్రతిదినపు ఖర్చు. బీరువాలో నలుబది బొమ్మలున్నచో నలుబదింటిని దించి, తుడిచి, మరల పెట్టువారెవరు? నూటికి తొంబది ఇండ్లలో ఇల్లాలే. ఆమె పొలమునకో ఉద్యోగమునకో పోయి వచ్చినదైనను ఆమెయే. మనము గొప్పకై నిలిపిన ప్రతి వస్తువును ఆమె దినమునుండి కొంత కాలమును కోసి తీసికొనుచున్నది. ఇంటిలో సామాను తగ్గించుట ఆమెకు విశ్రాంతి నిచ్చుట. పండుగకు పెట్టు చీరకంటె ఇది మేలైన కానుక యని నేననుకొందును.

ఇంతవరకు విని తలయూచిన పెద్దలు కూడ, పని దగ్గరకు వచ్చునప్పటికి, "ఆయ్, మేష్టారూ, మీరు చెప్పింది బాగానే ఉందండి. పారెయ్యడానికి చేతులు రావండి. ఎప్పటికైనా పనికొస్తుంది కదండీ!" అందురు. ఈ మాటలో న్యాయము లేకపోలేదు. కరవులు చూచిన తరము పెంపకములో పెరిగినవారము. అన్నపు మెతుకును కాలితో తాకరాదని నేర్చినవారము. వస్తువును పారవేయుట మనకు పాపముగా తోచును. పారవేయుమని నేనును చెప్పను. దానము చేయుమందును. పనికివచ్చు వస్తువు పనిలేక పడియుండుటయే దానికి అవమానము.

మన అటకలమీది గంగాళములు, గుండిగలు, కాగుల సంగతి చూడుడు. ఒకప్పుడు ఊరిలో పెండ్లి యైనచో ఈ యింటి గుండిగ ఆ యింటికి, ఆ యింటి గంగాళము ఈ యింటికి నడచెడివి. అంచుమీద ఇంటిపేరు చెక్కించుట అందుకే. నేడు వంటవారు తమ పాత్రలతోనే వచ్చుచున్నారు. మన గంగాళము చూచి ఇరువది యేండ్లైనది. దానిని అన్నదానము జరుగు కోవెలకో, పదిమంది పిల్లలు భోజనము చేయు వసతిగృహమునకో ఇచ్చినచో, ఇంటిపేరు చీకటిలోనుండి పదిమంది కన్నులయెదుటికి వచ్చును.

వ్రాతప్రతులకును ఇదే నీతి. మన ముక్తేశ్వరమున జన్మించిన జయంతి రామయ్య పంతులుగారి పూనికతో 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడినది. పిమ్మట అది కాకినాడకు చేరినది. పండితుల యిండ్ల అటకలమీదను, పెట్టెలలోను పడియున్న తాళపత్ర గ్రంథములు అనేకము అట్టి చోట్లకు చేరుటచేతనే బ్రదికినవి. ఇంటనే భద్రమనుకొన్నవానిలో ఎన్నియో చెదలపాలైనవి. మరికొన్ని, చదువువారు లేరని గోదావరి పాలైనవి. ఇల్లు దాటించుట ప్రేమలేమి కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

ఈ రోజులలో ఇంకొక వింత కనబడుచున్నది. మన పాత లోగిళ్లను విప్పి, చెక్కిన స్తంభములను, ద్వారబంధములను వర్తకులు కొనుచున్నారు. అవి పట్టణములలో ధనికుల ఇండ్లకును, భోజనశాలలకును అలంకారములుగా పోవుచున్నవి. కప్పును మోసిన స్తంభము అచ్చట దేనిని మోయకుండ ఒక మూల నిలుచును. ఇచ్చట ఆ స్తంభముండిన చోట మనము పట్టణపు బొమ్మను పెట్టుకొనుచున్నాము. ఇరువైపులను వస్తువు తన పనినుండి వేరైనది. ఇల్లు నిలుపుకొనగలిగినవారు నిలుపుకొనుడు. స్తోమతు లేనివారిని నిందింపరాదు. పెంకుటిల్లు మరమ్మతు చేయించుట నేడు సామాన్యమైన ఖర్చు కాదు. డాబా యింటనైనను ఆ లోగిలి నేర్పిన పాఠమును నిలుపుకొనవచ్చును.

ఖాళీయే అలంకారమని నమ్మినవారు మన దేశముననే గాక అన్యదేశములలోను ఉన్నారు. జపాను దేశపు సంప్రదాయ గృహములలో అతిథి గదిలో గోడకు చిన్న అరవంటి చోటు నొకదానిని విడుతురు. దానిలో ఒక్క చిత్రపటమును వ్రేలాడదీసి, ఒక్క పాత్రలో ఒకటి రెండు పూలకొమ్మ లుంతురు. ఋతువు మారగానే పటమును పూవును మారును. తక్కిన పటములన్నియు పెట్టెలో చుట్టి భద్రపరుపబడియుండును. అది మన బొమ్మలకొలువు నీతియే. మన దేశమున వార్ధాకు చేరువనున్న సేవాగ్రామమున గాంధీమహాత్ముడు 1936నుండి నివసించిన కుటీరములు మట్టివి, వెదురువి. నేలమీద చాప, ఒక చిన్న వ్రాతబల్ల, కొద్దిపాటి వస్తువులు. అయినను ఆ గోడలు బోసిగా లేవు. మీరాబెన్ ఆ మట్టిగోడమీదనే తాటిచెట్లను, రాట్నమును ఉబ్బెత్తుగా తీర్చినది. గోడ ఏ మట్టియో చిత్రమును ఆ మట్టియే. కావున నిరాడంబరమన్న బోసితనము కాదు. ఉన్నదానినుండియే అందమును తీయుట.

ఇప్పుడు మన యింటికి వత్తము. చేయదగినది కష్టమైన పని కాదు; ఖర్చు అసలే లేదు. మొదట ఒక్క గదిని తీసికొనుడు. దానిలోని సామానంతయు వెలుపల పెట్టించుడు. బూజు దులిపి, గోడలకు సున్నము వేయించుడు. సున్నములో కొంచెము నీలిమందు కలిపినచో తెలుపు చల్లగా కనబడును. నేల కడిగించి, కిటికీలు తెరచి, ఆ ఖాళీ గదిలో ఒక సాయంకాలము ఊరక కూర్చుండుడు. ఆ వెలుతురును, గాలిని అనుభవించిన పిమ్మట ఏ యే వస్తువును మరల లోనికి రానీయవలెనో మీకే తెలియును. ఉన్న గదినుండి వస్తువులను ఏరి తీయుట కష్టము. ఖాళీ గదిలోనికి ఏరి తెచ్చుట సులభము.

గోడకొక్కటే పటము. అదియు కూర్చున్నవాని కంటికి అందు ఎత్తున. గతించిన పెద్దల ఛాయాచిత్రములు సావిడినిండ దుమ్ముపట్టి యుండుటకంటె, తల్లిదండ్రుల పటము నొకదానిని నిలిపి, తక్కినవానిని ఒక పుస్తకమున అంటించి, క్రింద పేరును, ఊరును, సంవత్సరమును వ్రాసియుంచుట మేలు. పేరు తెలియని పటమును మనుమడు ఎన్నాళ్లు మోయును? దేవుని పటములకును ఒకచోటు ఏర్పరచి, పూజకు నోచినవానిని మాత్రమే ఉంచుడు. భక్తి పటముల సంఖ్యనుబట్టి లెక్కకు రాదు.

గుమ్మమునకు తెర వలయునన్నచో బండారులంక నేతగాండ్ర నూలుబట్ట మన చెంతనే యున్నది. కాళ్లు తుడుచుకొనుటకు మన కొబ్బరిపీచు పట్టాయే యున్నది. ఇత్తడి చెంబులలో రెండింటిని నిలుపుకొని చింతపండుతో తోమించి, దానిలో ఒకదానియందు పెరటి మందారమునో, కొబ్బరిపూతనో ఉంచినచో అంగడిలో అట్టి శోభ దొరకదు. వాడిన వెంటనే తీసివేయవలెను, మరచిపోరాదు. గుమ్మమునకు ప్లాస్టికు తోరణము విప్పి, పండుగనాడు మామిడాకులనే కట్టుడు. తక్కిన దినములలో గుమ్మము గుమ్మమువలెనే యుండనిండు. అట్లున్నపుడే పండుగ పండుగవలె కనబడును.

ఒక నియమమును ఇంటిల్లిపాదియు పాటింపవచ్చును. క్రొత్తది ఒకటి గడప లోపలికి వచ్చినపుడు పాతది ఒకటి గడప దాటవలెను. పేరంటములలోను, పెండ్లిండ్లలోను మనము ఇచ్చు కానుకలనుగూర్చియు ఆలోచింపవలెను. మన యింట వలదనుకొన్న గిన్నెను ఇతరుల యింట నింపుట ధర్మమా? తాంబూలముతో రెండు పండ్లను, ఒక కొబ్బరిమొక్కను, ఒక మంచి పుస్తకమును ఇచ్చినచో పుచ్చుకొన్నవారు మనలను తిట్టుకొనరు.

ఇక నేను తప్పక చెప్పవలసిన మాట మిగిలియున్నది. ఇది వయసైనవారితో వయసైనవాడు చెప్పు మాట గనుక మొగమాటము లేదు. మన తరువాత మన అటకను ఎవరో తెరచెదరు. కుమారుడు హైదరాబాదునుండియో, కుమార్తె అమెరికానుండియో పదిదినముల సెలవుమీద వచ్చియుందురు. పండ్రెండవనాటి కార్యము ముగిసి, తిరుగు ప్రయాణమునకు మిగిలిన రెండు దినములలో మన యేబదియేండ్ల సామాను వారిమీద పడును. ఏది అమ్మమ్మగారి పెండ్లినాటి బిందెయో, ఏది అంగడి బిందెయో వారికి తెలియదు. అన్నియు ఒక్క తూకమున పాతయినుప వర్తకుని బండికెక్కును. లేదా, ఒక్క బిందెకై అక్కచెల్లెండ్రు మాటలు మానుదురు. ఈ రెండును మన యూళ్లలో జరుగుచున్నవే. బ్రదికియున్నపుడే ఆ బిందెను చేతితో దించి, తోమించి, "అమ్మాయీ, ఇది మీ అమ్మమ్మగారు నూతినుండి నీళ్లు మోసిన బిందె; నీ వుంచుకొమ్ము" అని మనమే ఇచ్చినచో, ఆ వస్తువుతోగూడ దాని కథయు పోవును. కథతో పోయిన వస్తువు ఆ యింట అలంకారమగును. కథ తెలియనిది ఏ యింటనైనను చెత్తయే.

యోగశాస్త్రమున యమములలో అపరిగ్రహము నొకటిగా పెద్దలు చెప్పిరి. దానిని సన్న్యాసుల ధర్మముగా మనము ప్రక్కకు పెట్టితిమి. గృహస్థునకు తగిన అపరిగ్రహము కూడ నొకటి యున్నది. దానికై ఇల్లు విడువనక్కరలేదు. ఇంటిలో నడచుటకు, కూర్చుండుటకు, మనుమడు ప్రాకుటకు, వచ్చినవారు నిలుచుటకు చోటు విడిచిన చాలును.

ఈ వర్షములు వెనుకబట్టి, ఎండ కాసి, అటక ఆరిన మొదటి మంచిదినమున నిచ్చెన వేయించుడు. మీరు ఎక్కవలదు; పిల్లలను ఎక్కించి, మీరు క్రింద పీటమీద కూర్చుండి, దిగిన ప్రతి వస్తువును చేతికి తీసికొని దాని సంగతి చెప్పుడు. ఏది ఉండవలెనో, ఏది ఎవరికి పోవలెనో మీ నోటనే తేల్చుడు. ఒక్క దినమున ముగియకున్నను, ఒక్క పెట్టె తేలినను మేలే.